ఆంధ్రజాతి పుట్టుక, పోరాటములు: మన సీమ సాక్ష్యము

శతవార్షికోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసము వ్రాయుడని సంపాదకవర్గమువారు కోరినప్పుడు వారు మా నుండి సంఘ చరిత్రనే ఎదురుచూచిరని మేమెరుగుదుము. ఏ సంవత్సరమున ఏ దొరగారు వచ్చిరి, ఏ మందిరమునకు ఎవరు పునాదిరాయి వేసిరి అను సంగతులను మాకంటె బాగుగా ఎరిగిన పెద్దలున్నారు, వారు వ్రాయుదురు. మేము అంతకంటె వెనుకకు పోదలచితిమి.

కారణము చెప్పెదము. కృష్ణా, గుంటూరు సీమల సంఘ చరిత్రలు ఏవి తీసి చూచినను మొదటి పుటలోనే ఓడ యొకటి రేవు చేరును. 1841లో నోబులు, ఫాక్సు దొరలు బందరు వచ్చిరి. 1842 జూలై 31న హయ్యరు అయ్యగారు గుంటూరు చేరిరి. అక్కడి నుండి కథ నడచును. అంతకు ముందు మన తాతలు ఏమి చేయుచుండిరన్న ప్రశ్నకు, చీకటిలో నుండిరి అను ఒక్క మాటతో సరిపెట్టుదురు. ఆత్మసంబంధముగ ఆ మాటకు మేము అడ్డు చెప్పము. కాని చీకటిలో నున్నవానికి సహితము తల్లిదండ్రులు, ఊరు, భాష, చేతిపని ఉండును గదా! యౌవనస్థుల కూటములలో ఈ ప్రశ్న మాకు తరచుగా ఎదురగుచున్నది: "అయ్యగారూ, మిషనరీలు రాకముందు మనమెవరము?" దీనికి జవాబు చెప్పనిచోట రెండు విధములైన ఆలోచనలు మొలచుచున్నవి. మనకు చరిత్రయే లేదనుకొనుట ఒకటి. దూరదేశము నుండి ఒక చరిత్రను అరువు తెచ్చుకొనుట రెండవది.

రెండవదానికి ఉదాహరణ మన సీమలోనే యున్నది. చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెములో కొన్ని కుటుంబములవారు తాము ఇశ్రాయేలీయులలో ఎఫ్రాయిము గోత్రమువారమని చెప్పుకొనుచు, 1990 దశకము నుండి విశ్రాంతిదినమును, పస్కాను యూదుల పద్ధతిని ఆచరించుచున్నారు. వారు మన పొరుగువారు, మన బంధువులు. వారిని పరిహసించుట మా ఉద్దేశము కాదు. ఊరి వెలుపల నిలువబెట్టబడినవాడు తనకొక గౌరవమైన వంశావళిని వెదకుకొనుటలో తప్పేమున్నది? అయితే రాజుల రెండవ గ్రంథము 17వ అధ్యాయములో అష్షూరునకు చెరగొనిపోబడిన గోత్రములు కృష్ణానది దాటినట్లు చూపు ఆధారము చరిత్రలో లేదు. మన పూర్వికుల కొరకు అంత దూరము పోనక్కర కూడ లేదని మేము తలంచుచున్నాము. తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ ఒకటి రెండు దినములు బస్సులో తిరిగినవానికి ఈ జాతి పుట్టుకయు, దాని యుద్ధములును రాళ్ల మీదనే కనబడును.

మొదట పుట్టుక సంగతి. ఆంధ్రుల పేరు మొట్టమొదట వినబడునది ఐతరేయ బ్రాహ్మణములో. అక్కడి కథ యిది. విశ్వామిత్రునకు నూటయొక్కమంది కుమారులు. ఆయన శునశ్శేపుని పెంచుకొని జ్యేష్ఠునిగ చేసినప్పుడు పెద్దవారు ఏబదిమంది ఒప్పుకొనలేదు. తండ్రి శపించెను: మీ సంతతి పొలిమేరల పాలగును గాక అని. ఆ సంతతియే ఆంధ్రులు, పుండ్రులు, శబరులు, పుళిందులు, మూతిబులు. దస్యులలో అధికులు వారే అని ఆ గ్రంథము చెప్పుచున్నది. దీనిని చదువుటకు మన పండితులలో కొందరికి కష్టముగ నుండును. మాకు మాత్రము ఇందులో గొప్ప సంగతి కనబడుచున్నది. ఈ జాతి పేరు మొదట వ్రాయబడినది పొలిమేర అవతలివారి పట్టికలో. అడవి శబరుని పక్కన, పుళిందుని పక్కన. నేడు ఆంధ్రుడనని మీసము దువ్వువాడెవడైనను, ఆ మొదటి పట్టికలో వెలివేయబడినవాడే. ఇశ్రాయేలీయులు ప్రథమఫలములు అర్పించునప్పుడు తమ పితరుడు దేశద్రిమ్మరియైన అరామీయుడని ఒప్పుకొనవలెనని ద్వితీయోపదేశకాండములో ఆజ్ఞ యున్నది. అట్టి ఒప్పుకోలు మన జాతికి కూడ ఒకటి యున్నచో ఎంత బాగుండునో!

భాష కూడ ఇదే సాక్ష్యము పలుకుచున్నది. తెలుగు సంస్కృతము నుండి పుట్టలేదని 1816లో ఎల్లిసు దొర, క్యాంబెలు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో నిరూపించెను. 1856లో కాల్డ్వెలు అయ్యగారు (తరువాత బిషప్పయినవారు) ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించిరి. ఆ త్రోవలోనే నడచిన మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తెలుగునకు మిక్కిలి దగ్గరి చుట్టములు గోండి, కొండ, కువి మొదలగు భాషలని తేల్చిరి. అనగా మన మాటకు అక్కచెల్లెండ్రు కొండలలో, అడవులలో నున్నారు. ఆంధ్రమను పేరు, తెలుగను పేరు మొదట వేరువేరుగ నుండి తరువాత కలిసిపోయినవి. ఆ చర్చ పండితులకు వదలుదము.

ఇక సైన్యము. క్రీస్తు శకము మొదటి శతాబ్దమున రోముదేశపు ప్లినీ, మెగస్తనీసు మొదలగు గ్రీకుల వ్రాతల ననుసరించి, ఆంధ్రులకు ప్రాకారములు గల 30 పట్టణములు, లక్షమంది కాల్బలము, రెండువేల గుర్రములు, వెయ్యి ఏనుగులు కలవని వ్రాసెను. ఈ లెక్కను మన పాఠ్యపుస్తకములన్నియు గర్వముగ ఉదహరించును. మేమును బాల్యమున కంఠస్థము చేసితిమి. వేదాంత కళాశాలలో సంఖ్యాకాండము చదువునప్పుడు మాత్రము ఒక భేదము తట్టినది. అక్కడ కూడ సైన్యమును లెక్కించిరి: 603,550 మంది. కాని ఆ లెక్క గోత్రము గోత్రముగ, పితరుల కుటుంబముల చొప్పున, పేరుపేరు వరుసన సాగినది. ప్లినీ చెప్పిన లక్షమందిలో ఒక్కని పేరును లేదు. వెయ్యి ఏనుగులతో పాటు వారు కూడ ఒక సంఖ్య. ఆంధ్రుల సైనిక చరిత్ర యంతయు దాదాపు ఇట్లే వ్రాయబడినది. దండనాయకునికి పేరున్నది, బిరుదున్నది, శాసనమున్నది. బల్లెము మోసినవానికి ఏదియు లేదు. అశోకుని పదమూడవ శిలాశాసనములో ఆంధ్రులు పేరుకు వత్తురు. కళింగ యుద్ధములో చచ్చిన లక్షమంది, చెరపట్టబడిన లక్షా ఏబదివేలమంది సంఖ్యలుగ వత్తురు.

తెనాలి నుండి రేపల్లె పోవు రైలు భట్టిప్రోలులో ఆగును. ఆ ఊరి దిబ్బను 1892లో అలెగ్జాండరు రీ అను పురావస్తుశాఖ అధికారి త్రవ్వించగా లోపల మూడు రాతి భరిణెలు, వాటిలో ధాతువులు, వాటి మీద ప్రాకృత భాషలో అక్షరములు దొరికినవి. అక్షరములను బ్యూలరు పండితుడు చదివెను. క్రీస్తునకు రెండు మూడు వందల యేండ్ల పూర్వపువి. అందులో కుబిరకుడను రాజు పేరున్నది. ఆంధ్రదేశమున శాసనము మీద మనకు కనబడు మొదటి రాజులలో నీతడొకడు. ఏ వంశమో, ఏ యుద్ధములు చేసెనో ఒక్క మాట లేదు. మాకు ముఖ్యమైనది మరియొకటి: రాజు ఒక్కడే ఆ రాళ్ల మీద లేడు. గోష్ఠి సభ్యులు, నిగమ సభ్యులు, వారి పేర్లు వరుసగ నున్నవి. మన సంఘములలో చందా ఇచ్చినవారి పేర్లు పాలరాతి మీద చెక్కించు అలవాటు కలదు గదా; అది ఈ సీమలో రెండువేల యేండ్లకు పైబడిన అలవాటన్నమాట.

ఆ అక్షరములు అశోకుని లిపికి చెల్లెలు వంటివే గాని కొన్ని అక్షరములలో భేదమున్నది. హల్లు మీద అకారమును తెలుపు చిన్న గీత అక్కడ కనబడును. మన తలకట్టును తలపించునది. బ్రాహ్మీ లిపి ఉత్తర సెమిటిక్ లిపుల నుండి వచ్చినదని బ్యూలరు వాదించి, దానిని మోయాబు రాజైన మేషా శిలాశాసనపు అక్షరములతో కూడ పోల్చెను. పండితులందరు అంగీకరించినది కాదు. అయినను రాజుల రెండవ గ్రంథములోని మేషా రాజు పేరును, రేపల్లె తాలూకా భట్టిప్రోలు పేరును ఒకే చర్చలోనికి వచ్చినందుకు హెబ్రీ అక్షరములతో కుస్తీపట్టిన మా వంటివారికి కొంత సంతోషము.

ఆ స్తూపపు గతి చెప్పకుండ దాటలేము. కృష్ణా కాలువలు కట్టు దినములలో దాని పాలరాతి పలకలను వెల్లటూరు తూము పనికి, ఇటుకలను బాటలకు వాడుకొనిరి. పొలములకు నీరు వచ్చినది, సంతోషమే. కాని ఎన్ని పేర్లు ఆ తూము గోడలో కలిసిపోయినవో!

శాతవాహనులు, ఇక్ష్వాకులు అందరెరిగినవారే. ఇక్ష్వాకుల నాగార్జునకొండలో ఒక్క విశేషము: యుద్ధములో చచ్చినవారికి ఛాయాస్తంభములు నిలిపిరి. సేనాపతులకే గాక సైనికులకు, ఒక చేతిపనివానికి సహితము అట్టి స్తంభము కలదు. తరువాతి రాజులు ఈ మంచి అలవాటును అంతగా పాటించలేదు.

848లో వేంగీ చాళుక్యుడైన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు వేయించిన అద్దంకి శాసనమును తెలుగు పద్యమునకు తొలి సాక్ష్యములలో ఒకటిగ మన పిల్లలు నేర్చుకొనుచున్నారు. తరువోజ ఛందస్సు గూర్చి మాస్టర్లు చెప్పుదురు. ఆ పద్యములోని సంగతి యేమి? పండరంగడు పండ్రెండు బోయ కొట్టములను పట్టుకొనెనని. బోయవారు ఈ నేలమీద వారికంటె ముందున్నవారు. వారి కొట్టములు పడిపోయిన నాడే మన పద్యము పుట్టినది. అక్కడ ఓడిపోయి చెదరినవారు ఎటు పోయిరి, ఎవరి పొలములలో పాలేర్లయిరి అన్నది శాసనము చెప్పదు. శాసనముల పని అది కాదు. అద్దంకి, భట్టిప్రోలు, చందోలు, మోటుపల్లి, నిజాంపట్నము 2022 ఏప్రిలులో బాపట్ల జిల్లా ఏర్పడినప్పుడు ఒకే జిల్లాలో చేరినవి. ఒక జిల్లాకు ఇంతకంటె చరిత్ర అక్కరలేదు.

చందోలు గూర్చి కొంత నిలిచి చెప్పవలెను. బాపట్లకు రేపల్లెకు నడుమనున్న ఈ పల్లెలో నేడు బస్సు దిగినవానికి ఒకప్పుడు ఇది రాజధానియని తోచదు. చందవోలు, ధనదపురము అను పేర్లతో ఇది వెలనాటి చోడుల పట్టణము. వెలనాడు ఆరువేల గ్రామముల నాడని లెక్క. మొదటి గొంకరాజు 1076 ప్రాంతమున ఇక్కడ స్థిరపడి చోళ చక్రవర్తి కులోత్తుంగుని కొలువులో పైకి వచ్చెను. ఆయన కుమారుని చక్రవర్తి తన కుమారునిగ చేసికొనెనని పృథ్వీశ్వరుని పిఠాపుర శాసనము (1186) చెప్పుచున్నది. రెండవ గొంకుని కాలమునకు వీరి మాట ద్రాక్షారామము, పిఠాపురముల వరకు సాగినది. వీరు తమను చతుర్థాన్వయులమని, అనగా నాలుగవ వర్ణపువారమని, దాచక శాసనములలో చెక్కించుకొనిరి. క్షత్రియులము కామని సిగ్గుపడలేదు. ఖడ్గమే వారి కులము. ఆ ధైర్యము మాకు నచ్చినది. అయితే అదే శాసనములో ఐదవవాని మాట లేదు.

ఐదవవాడు లేక సైన్యము నడచునా? పాఠకులు ఒక్క క్షణము ఆలోచించవలెను. డాలు దేనితో చేయుదురు? ఎద్దుతోలు, దున్నతోలు. కత్తి ఒర, గుర్రపు జీను, కళ్లెపు వారు, ఏనుగు పట్టెడ, నీటి తిత్తి, బాటసారి చెప్పు, యుద్ధమునకు పిలుచు డప్పు, అన్నియు తోలే. తోలును ఊనబెట్టి, సున్నములో నానబెట్టి, తంగేడు చెక్కతో పదునుపెట్టినవారు మాదిగలు. దారి చూపినవారు, వార్త మోసినవారు, కోట వాకిట కాపున్నవారు, ముతక బట్ట నేసినవారు మాలలు. వెలనాటి చోడుల గుర్రము ఒక్కటియు మన తాతల చేయి పడక చందోలు దాటియుండదు. దీనికి శాసనము అక్కరలేదు.

అయితే ఒక పాట మాత్రము పేరు నిలిపినది. పన్నెండవ శతాబ్దాంతమున జరిగిన పల్నాటి యుద్ధమును మన తెలుగువారందరు ఎరుగుదురు. చందవోలు గొంకరాజు కుమార్తె మైలమదేవికి అరణముగ పల్నాడు ఇయ్యబడెనని, ఆమె కుమారుడు నలగామరాజు పక్షమున వెలనాటివారు నిలిచిరని కథ. అవతలి పక్షమున బ్రహ్మనాయుడు, ఆయన చాపకూడు, అన్ని కులములవారు ఒక్క చాపమీద అన్నము తినుట, ఆయన సేనానులలో మాల కన్నమదాసు. నాగమ్మకు, బ్రహ్మనాయునికి కోడిపందెము మీద పౌరుషము వచ్చుట వరకే మన నాటకములు చూపును. మేము కన్నమదాసు దగ్గర ఆగుచున్నాము. ఎనిమిది వందల యేండ్ల క్రిందట ఒక మాలవాడు సేన నడిపెనని ఒక జాతి తన వీరగాథలో పెట్టుకొనినది. శ్రీనాథుడు ద్విపదలో వ్రాయకముందే దానిని పాడినవారు, ఆ తరువాత కూడ కారెంపూడి వీరుల తిరునాళ్లలో పాడుచు వచ్చినవారు, వీరవిద్యావంతులు, వారును మాలలే. ఇది శాసనము కాదు గనుక సాక్ష్యము కాదని కొందరు చరిత్రకారుల మాట. మేము ఒప్పుకొనము. శాసనము వేయించుటకు రాయి, శిల్పి, అగ్రహారము కావలెను. అవి లేనివాడు పాటలో వ్రాసికొనును. దెబోరా కీర్తనను ఏ చరిత్రకారుడు పారవేసెను?

పల్నాటి పోరు వెలనాటివారి నడుము విరిచినది. పదమూడవ శతాబ్దారంభమున నెల్లూరు చోడ తిక్కరాజుతో జరిగిన పోరులో పృథ్వీశ్వరుడు కూలెను. కాకతి గణపతిదేవుడు వెలనాటిని కలుపుకొనెను. రేపల్లెకు ఎదుట కృష్ణ ఆవలనున్న దివిసీమను కాకతి సేనలు దోచినవి. దివిచూఱకార, అనగా దివిని కొల్లగొట్టినవాడు అన్నది కాకతి సేనాని మల్యాల చౌండుని బిరుదు! దోపిడి బిరుదగుట చూడుడు. తరువాత గణపతిదేవుడు ఆ దివి పాలకుల ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పెండ్లాడి, వారి తమ్ముడు జాయపను తన గజసాహిణిగ, అనగా ఏనుగుల దళపతిగ చేసెను. 1213లో చేబ్రోలున గుడి కట్టించినది ఆ జాయపయే. ఏనుగులను నడిపిన ఆ చేతితోనే నృత్తరత్నావళి అను నాట్యగ్రంథము వ్రాసెను.

కాకతీయుల కథలో మా మనస్సునకు హత్తుకొనినది ఓరుగల్లు కోట కాదు, నల్లగొండ సీమలోని చందుపట్ల గ్రామములోని ఒక రాయి. రాణి రుద్రమదేవి ఎప్పుడు, ఎట్లు చనిపోయెనో చాలకాలము తెలియలేదు. 1289 నవంబరులో ఆమెయు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును శివసాయుజ్యము పొందిరని చెప్పి, వారి పుణ్యము కొరకు దేవునికి భూమి ఇచ్చినది ఎవరు? పువ్వుల ముమ్మడి అను ఒక బంటు. కాల్బలములోనివాడు. సామంతులెవ్వరు వ్రాయని మరణవార్తను బంటు వ్రాసెను. ప్లినీ లెక్కించిన లక్షమందిలో ఒక్కడు, పన్నెండు వందల యేండ్లకైనను, నోరు విప్పినట్లు మాకు తోచినది.

అద్దంకి రెడ్లు, కొండవీడు, 1515లో కృష్ణరాయల దండయాత్ర, గోలకొండ ఏలుబడి. ఇవన్నియు పుస్తకములలో విరివిగ నున్నవి, వదలుచున్నాము. సముద్రపు ఒడ్డునకు పోదము. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున పరదేశి వర్తకులకు అభయశాసనము వేయించెను. తుఫానులో ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలను రాజు దోచుకొనడని అందులోని వాగ్దానము. ఆ అభయము పాతబడిన తరువాత, 1611లో, గ్లోబు అను ఓడ నిజాంపట్నము రేవునకు వచ్చినది. దానిని నడిపినవాడు ఆంటనీ హిప్పను. డచ్చివారు అప్పటికే 1606లో అక్కడ కొట్టు పెట్టియుండిరి. తూర్పుతీరమున ఇంగ్లీషు కంపెనీవారు వర్తకమునకు కాలు మోపినది రేపల్లె తాలూకా నేలమీదనే అని ఈనాటి విద్యార్థులలో ఎంతమందికి తెలియును? నూట డెబ్బది ఏడు యేండ్లకు, 1788లో, గుంటూరు సర్కారు మొత్తము వారి చేతికి పోయినది.

ఇక్కడ నుండి తెలుగువాని సైనిక చరిత్ర వింత దారిలో నడచును. 1756లో క్లైవు కలకత్తా మీదికి పోవునప్పుడు మద్రాసు నుండి సిపాయిలను ఓడలలో తీసికొనిపోయెను. మరుసటి యేడు ప్లాసీలో కంపెనీ పక్షమున నిలిచిన రెండువేల పైచిలుకు సిపాయిలలో వారుండిరి. ఎర్రకోటు తొడిగిన ఆ దక్షిణాదివారిని చూచి బంగాళమువారు, హిందుస్థానీవారు తిలంగాలు, అనగా తెలుగువారు, అని పిలిచిరి. పిలుపు ఎంతగా పాతుకొనిపోయెననగా, ఏ దేశమువాడైనను, దొరల పద్ధతిని కవాతు చేయు ప్రతి సిపాయియు తిలంగా అయ్యెను. 1857లో మీరటు నుండి ఢిల్లీకి వచ్చిన తిరుగుబాటు సిపాయిలను ఢిల్లీ ప్రజలు తిలంగాలనియే పిలిచిరి. వారిలో తెలుగువారు లేరు, అవధువారు, బీహారువారు. మద్రాసు సైన్యము ఆ సంవత్సరము చాలవరకు కదలలేదు కూడ. మన జాతి పేరు ఉత్తరదేశమున సైనికుడన్న మాటకు మారుపేరైనదని, చివరకు మనవాడు కానివానికి కూడ ఆ పేరు దక్కినదని మన పిల్లలకు ఎవరును చెప్పలేదు.

ఆ మద్రాసు సైన్యములో ఎవరుండిరి? మహమ్మదీయులు, తెలుగు తమిళ శూద్రులు, పరయలు మొదలైన పంచములు, దేశీయ క్రైస్తవులు. నెలకు ఏడు రూపాయల జీతము. గింజలు కొలిపించుకొని జీతము చేయు పాలేరునకు, చేతికి రూపాయి వచ్చు ఏడు రూపాయల కొలువు ఎంతటి మార్పో ఊహించుకొనవచ్చును. నందన కరువులో (1832-33) గుంటూరు జిల్లా ప్రజలలో మూడవ వంతునకు తక్కువ కాకుండ నశించిరి. అట్టి నేలమీద ఎర్రకోటు అన్నపు కోటు. బంగాళ సైన్యపు అగ్రవర్ణ సిపాయి సముద్రము దాటిన కులము పోవునని భయపడెడివాడు. మద్రాసు సిపాయి జావాకు (1811), బర్మాకు (1824), చైనాకు (1840) ఓడ ఎక్కెను. అయితే ఎప్పుడును తల వంచి ఎక్కెననుకొనరాదు. 1780 అక్టోబరు 3న విశాఖపట్నములో సర్కారు సిపాయిలు హైదరుతో యుద్ధమునకు మద్రాసు ఓడ ఎక్కమని ఎదురుతిరిగి తుపాకులు ఎత్తిరి.

ఇక్కడ బోధకునిగ మాకు కొంత ఇబ్బంది కలదు. చైనాలో ఆ యుద్ధము దేనికొరకు? నల్లమందు అమ్ముకొనుటకు. మన వారు వీరులే. కాని ఎవరి కొరకు, దేని కొరకు అని అడిగినప్పుడు గొంతు తగ్గును. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు వచ్చిన సైనికులను ఆయన కొలువు మానుమనలేదు; ఎవరిని బాధపెట్టవద్దని, జీతముతో తృప్తిపడుమని చెప్పెను. ఆ మాటను మా తాతల కాలపు సిపాయి ఎంతవరకు పాటించగలిగెనో! యుద్ధము ఎవరిదో నిర్ణయించుట వాని చేతిలో లేదు.

కొలువు కూడ ఎంతోకాలము నిలువలేదు. 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగ నున్న రాబర్ట్సు, దక్షిణాదివారు ఉత్తరాది జాతులకు సమానులగు యోధులు కారని తీర్మానించుకొనెను. యుద్ధజాతులు, యుద్ధజాతులు కానివి అని మనుష్యులను విడదీయు సిద్ధాంతము బలపడినది. 1895లో మద్రాసు సైన్యము వేరుగ లేకుండ పోయెను. తెలుగు దళములు ఒక్కటొక్కటిగ రద్దయినవి. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పదియేండ్లకు మద్రాసు పదాతి దళమే మిగులలేదు. బెంగుళూరులోని మద్రాసు సాపర్లు మాత్రము నిలిచిరి. ప్లాసీలో పనికివచ్చినవాడు వంద యేండ్లకు పిరికివాడు ఎట్లయ్యెను? రక్తము మారలేదు, అవసరము మారినది. మహారాష్ట్రమున మహారులకును ఇదే జరిగినది. సుబేదారు రామ్‌జీ కుమారుడు అంబేద్కరుగారు ఈ అన్యాయమును జీవితమంతయు ఎత్తిచూపిరి.

వింత యేమనగా, సైన్యపు తలుపు మూసికొనుచున్న ఆ దినములలోనే మన వారు తమ పేరును తామే పెట్టుకొనిరి. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను కూడిన పంచమ మహాజన సభ, పంచములమన్న పేరు మాకు వద్దు, మేము ఆది ఆంధ్రులము అని ప్రకటించెను. ఐతరేయములో పొలిమేర అవతలకు తరుమబడిన పేరును పొలిమేర అవతలనున్నవారే తిరిగి చేతికి తీసికొనిరి. ఆది అన్న మాటను రక్తపరీక్షతో రుజువు చేయుమని మేము అడుగము. భాష గోండు చుట్టరికము, బోయ కొట్టముల సంగతి, ఐతరేయపు పట్టిక. ఇవి చూచినవానికి ఆ సభవారి మాటలో న్యాయము కనబడును.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. యుద్ధజాతుల సిద్ధాంతము అవసరము ముందు నిలువలేదు. 1941లో మహార్ రెజిమెంటు ఏర్పడెను. అప్పుడే మద్రాసు రెజిమెంటు కూడ తిరిగి పుట్టెను. మద్రాసు రాజధాని నుండి లక్షలలో చేరిరి; పదాతిలోనే గాక ఇంజనీరింగు, వైద్య, రవాణా దళములలో. బైబిలు సంచి, టిన్ను పెట్టె పట్టుకొని రైలెక్కినవారిలో మన సంఘస్థులు తక్కువవారు కారు.

అదే కాలమున మరియొక విధమైన యుద్ధము తెనాలిలో జరిగెను. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమములో ప్రజలు తెనాలి రైలుస్టేషను మీదికి పోగా పోలీసులు కాల్చిరి, ఏడుగురు చనిపోయిరి. వారి స్మారకమున్న చోటును రణరంగ చౌకు అందురు. చేత తుపాకి లేనివారు పడిన చోటునకు రణరంగమని పేరు పెట్టిన ఊరు మరియొకటి కలదేమో మాకు తెలియదు. ఖాకీ తొడిగి బర్మా సరిహద్దునకు పోయినవానిని దేశద్రోహి యని, స్టేషనులో పడినవానిని అల్లరివాడని ఆనాడు ఎవరో ఒకరు అనకపోలేదు. ఇద్దరును ఈ కాలువ నీళ్లు త్రాగినవారే.

స్టేషనులో పడినవారికి స్మారకమున్నది. ఖాకీలో పోయినవారికి ఏమున్నది? పల్లెలలో కొన్ని ఇండ్లలో ట్రంకుపెట్టె అడుగున డిశ్చార్జి కాగితము, ఒకటి రెండు పతకములు, మునిమనుమలు ఆడుకొనగా రంగుపోయిన రిబ్బను. చదువురాని ముసలమ్మ దానిని బైబిలులో దాచియుంచుట మేము చూచియున్నాము. శతవార్షికోత్సవ సందర్భమున మందిరములకు రంగులు వేయించుచున్న సంఘ పెద్దలకు ఒక్క మనవి. బాప్తిస్మపు రిజిస్టరు ప్రక్కనే మరియొక పుస్తకము తెరచి, మీ సంఘము నుండి సైన్యములో పనిచేసిన ప్రతివాని పేరు, తండ్రి పేరు, పల్లె, దళము, ఏ దేశమున పనిచేసెను, తిరిగివచ్చెనా లేదా అన్న సంగతులు వ్రాయించుడు. కాగితములు పురుగు తినకముందే నకళ్లు తీయించి డయోసిస్ కార్యాలయమునకు పంపుడు. పేరు తప్ప ఏమియు దొరకనివారిని కూడ వదలవద్దు. ఆ పేరునే వ్రాయుడు.